తడి సున్నం

శనివారం పొద్దున ఆరింటికి
సున్నం బకెట్టుతో వెళ్లేసరికి
గేటుకి మా తాళం కాని తాళం.

నీలసంద్ర అథ్లెటిక్‌కి పందొమ్మిదేళ్లుగా గీతలు గీస్తున్నాను.
ఈ మూల ఒక మేకు, ఆ మూల ఒక మేకు, మధ్యన పురికొస.
తాడు బిగువుగా ఉంటే చెయ్యి వణికినా గీత వణకదని
నేర్పింది మా మామ ఎల్లప్ప.
కోలారు గని మూతబడ్డాక బెంగుళూరొచ్చిన మనిషి.
మూతబడే చోటుని వాసనతో పట్టేవాడు.
ముందు టీ ఆగుతుందిరా, అనేవాడు.
తర్వాత క్యాషియరు లీవు పెడతాడు.
ఆఖర్న టేపు పట్టుకున్నవాళ్లొస్తారు.

మాకు టీ దీపావళికి ఆగింది.

మొదటి ఓనరు ఇటికల బట్టీల ఆయన.
ఓడితే అమ్మనా బూతులు తిట్టేవాడు,
ఒకటో తారీకు కవర్లో చిల్లరతో సహా ఉండేది.
ఆయన పోయాక కొడుకులు క్లబ్బుని ఒకడికి అమ్మారు,
వాడు ఇంకొకడికి, వాడొక కంపెనీకి,
ఆ కంపెనీ దాని తమ్ముడి లాంటి కంపెనీకి.
అంత చక్కటి పాసులు
మా కుర్రాళ్లు ఏనాడూ ఆడలేదు.

ఇప్పటి ఓనరు ఒక్కసారే వచ్చాడు, తెల్ల బూట్లతో.
గ్రౌండు ఎంతుంటుందని అడిగాడు.
గోలుకీ గోలుకీ నూట పది గజాలు సార్, అన్నాను.
అది కాదయ్యా, చదరపు అడుగుల్లో చెప్పు.
నాకు రాదు.
ఆరని గీత మీద నడుచుకుంటూ పోయాడు.
ఆయన కారెక్కాక
చెరిగిన చోట మళ్లీ గీశాను.

ఐదో నెల కూడా జీతం రాకపోతే
నేనూ గోల్‌కీపర్ ఇన్నాసీ బస్సెక్కి అవెన్యూ రోడ్డుకి వెళ్లాం.
కాగితాల్లో ఉన్న అడ్రసు.
లెక్కల పుస్తకాలమ్మే కొట్టు మీద మూడో అంతస్తు.
తలుపు మీద ఇరవై ఏడు కంపెనీల పేర్లు,
తొమ్మిదోది మాది, అందులో ఒక అక్షరం తప్పు.
కిటికీ సందులోంచి ఇన్నాసి చూశాడు.
పెనాల్టీకి నిలబడ్డప్పటి చూపు.
ఎంతసేపటికీ ఏమీ అనడే!
కుర్చీ కూడా లేదన్నా, అన్నాడు చివరికి.

కెప్టెన్ సెల్విన్ మోకాలికి ఆపరేషన్ టేబుల్ దాకా వెళ్లాక
ఇన్సూరెన్సు ఎప్పుడో ఆగిపోయిందని చెప్పారు.
ఇబొంచా రాత్రిళ్లు ఈజీపురాలో గిన్నెలు కడుగుతున్నాడు,
మ్యాచ్ రోజు వాడి వేళ్ల నిండా సబ్బు పొక్కులు.
జెర్సీలు ఉతికే రోసలిన్ మాత్రం
ముప్పై రెండూ మూటగట్టి మంచం కింద దాచేసింది.
వేలం వాళ్లొస్తే
చాకిరేవులో కొట్టుకుపోయాయని చెబుతుందట.
ఏ చాకిరేవమ్మా, ఈ ఊళ్లో? అన్నాను.
వాళ్లకేం తెలుసు, అంది.

ఇవాళ మ్యాచ్ ఉంది. అవతలి జట్టు వ్యానులో వచ్చేసింది.
పిల్లలు గోడెక్కి కూర్చున్నారు.
కొత్త వాచ్‌మన్ది అస్సాం వైపు ఏదో ఊరు,
వాడికీ ఇంకా జీతం మొదలవలేదట.
ఎవరు పెట్టారు నిన్ను?
ఫోన్లో ఒక సార్.

సున్నం ఒకసారి తడిపాక ఆగదు.
పారబోయడానికి మనసు రాలేదు.
గేటు ముందు రోడ్డు మీద, ఈ స్తంభానికీ ఆ స్తంభానికీ తాడు కట్టి
ఒక గీత గీశాను. ఊరికే.
మనకి పెట్టిన నామానికి నువ్వే సున్నం తెచ్చావా అన్నా
అని ఇన్నాసి పడీపడీ నవ్వాడు.
తర్వాత గ్లౌజులు తొడుక్కుని
గీత మీద నిలబడ్డాడు.
బంతి మొత్తం దాటితేనే గోలు.
వెంట్రుకవాసి గీత మీదుంటే, ఇంకా కాలేదు.

పదిన్నరకి టేపు పట్టుకున్నవాళ్లు ముగ్గురొచ్చారు.
వాచ్‌మన్ తాళం తీశాడు.
ఇన్నాసి కాస్త పక్కకి జరిగాడు, కాస్తే.
ఇద్దరు ప్యాంటు ఎత్తిపట్టి జాగ్రత్తగా దాటారు.
మూడోవాడు ఫోన్ చూసుకుంటూ తడి గీత తొక్కి
లోపలికి వెళ్లిపోయాడు.

గోలు పోస్టు దాకా తెల్లటి అడుగులు,
ఒక్కొక్కటీ ముందుదానికన్నా పలచగా.
ఆ వారం గ్రౌండులో పడిన సున్నం
అంతే.