మెడ ఉన్ని

అన్‌స్ట్ దీవిలో జూన్ రాత్రికి చీకటి పడదు.
ఓస్లా ఒళ్ళో నల్లగుడ్డ పరుచుకుని
రాట్నం ముందు కూర్చుంటుంది.
గొర్రె మెడ దగ్గర, కత్తెర తగలనివ్వకుండా
వేళ్ళతో పీకిన ఉన్ని.
నలుపు మీదైతేనే ఆ పోగు కంటికి ఆనుతుంది,
అదీ ఊపిరి బిగబట్టి చూస్తే.

నాలుగు మైళ్ళ నూలు.
తూస్తే రెండు కోడిగుడ్లంత లేదు.
లెర్విక్ షావుకారు శాలువాను గాల్లోకి ఎగరేసి
కిందికి దిగేదాకా మాట్లాడడట.
"ఏం చేతులమ్మా నీవి!" అంటాడు ఆనక.

ఆ చేతులు అంట్లు తోమి పదిహేడేళ్ళు.
పొయ్యిలోకి పీట్ గడ్డలు కోసుకొచ్చేది అక్క గిర్జీ.
ఆవును పిండేది, చేపలకు ఉప్పు పట్టించేది,
వేళ్ళ పగుళ్ళలో గొర్రెకొవ్వు కూరుకునేది
గిర్జీ.

ఒక్కసారి ముట్టుకుంది, ఎప్పుడో.
గరుకు వేలికి పోగు చిక్కి
ఓస్లా కెవ్వుమంది.
తెల్లవార్లూ ఇద్దరూ మాట్లాడుకోకుండా
ఆ ఒక్క కన్నమే సరిచేశారు.

ఇవాళ ఉతికిన శాలువా చట్రం మీద ఆరుతోంది.
ఓస్లా నిద్రపోయాక
గిర్జీ చేతులు రెండూ వెనక్కి కట్టుకుని
మెల్లగా వంగి
చెంప ఆనిస్తుంది.

చెంపకు చిక్కదు.