రేక్కాయంత

ఇరవైరెండేళ్ళు పొగాకు గ్రేడింగు చేసిన వేళ్ళివి.
కరెంటు పోయినా చెబుతాయి
ఏ ఆకు మేలు, ఏది మీడియం,
ఏ ఈనె పక్కన బూజు మొదలయిందో.
అట్టాంటి వేళ్ళకే
ఎడమ రొమ్ములో ఆ గడ్డ
సబ్బు జారిన ఒక మంగళవారం దాకా
తెలియలేదంటే
ఎవరికి చెప్పుకోను.

చింతగింజనుకున్నా మొదట.
నెల తిరిగేసరికి రేక్కాయంత.
నొప్పి లేదు గదా అని
మాల్యాద్రికి చెప్పలా.
నొప్పి లేకపోతేనే భయపడాలని
ఆశా కార్యకర్త సుభాషిణి అన్నాక
టంగుటూరులో ఏడింటి బస్సెక్కా.

ఒంగోలు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
నా పెద్దదానికంటే ఏడెనిమిదేళ్ళు పెద్దదేమో.
చల్లటి చేతులు.
"నొక్కితే జరుగుతా ఉంది, మంచిదే.
అయినా తీసి చూద్దాం" అంది.
ఆకలితో కాదు, ఆశతో కాదు,
ఊరికే
వాన కోసం మబ్బును చూసినట్టు
నా రొమ్మును చూసిన మొదటి మనిషి.

మత్తు వదిలేసరికి
మాల్యాద్రి చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బీ.
నీళ్ళలాంటి మందులో
నేను.
మూతమీద నా పేరు, ముప్పై ఎనిమిది, ఎడమ.
ఇక్కడి మిషను పాడయింది,
అద్దంకి బస్టాండు దగ్గర ల్యాబుకు
మీరే తీసుకుపోండి అన్నారంట.
షేరాటోలో తొమ్మిదిమంది మధ్య
సంచిలో పెడితే ఒలుకుతుందని
చొక్కా లోపల పెట్టుకొని
రెండు చేతులూ అడ్డం పెట్టుకొని పొయ్యాడంట.
పెళ్ళయిన ఇరవయ్యేళ్ళలో
నన్నంత పదిలంగా ఎప్పుడు తీసుకుపొయ్యాడీయన
అని నవ్వొచ్చింది.
నవ్వితే కుట్లు లాగాయి.

రిపోర్టుకు పది రోజులన్నారు,
పదకొండు పట్టింది.
ఎడమ చెయ్యి లేవక
చిన్నదాని చేత జడేయించుకున్నా,
వంకరగా అల్లింది, విప్పుకోలా.
రాత్రుళ్ళు లెక్కలే:
చీటీకి ఇంకా ఐదు నెలలు,
దాని పరీక్ష ఫీజు,
గేదె ఈనేది మాఘంలో.
వీటిల్లో దేనికి నేనుంటాను?
చావు గురించి కాదు, నిజం చెబుతున్నా,
చీటీ గురించే ఏడ్చా.

"ఇది అది కాదమ్మా" అంది డాక్టరమ్మ.
మరి ఏదో పేరు చెప్పింది, పొడుగుది.
నేను సగమే విన్నా.
అది కాదు.
బయటికొచ్చి చెరుకురసం తాగాం.
మాల్యాద్రి గ్లాసు కూడా నేనే తాగా.

కుట్లు విప్పాక అక్కడొక గుంట,
పదునెక్కిన ఆకుమీద
బొటనవేలు నొక్కి తీసినట్టు.
ఆయన చెయ్యి ఆ పక్కకు రావడం మానేసింది.
ఒక రాత్రి నేనే పట్టి
ఆ గుంటమీద పెట్టా.
"నొప్పా?" అన్నాడు.
"దురద" అన్నా.

మళ్ళీ పనిలోకి పొయ్యానా,
మూడోరోజు నుంచి మొదలు.
సద్ది తినే వేళకు బేళ్ళ వెనక్కి
ఒక్కొక్కతే వస్తుంది, అటూ ఇటూ చూసి
హుక్కులు తీస్తా, "రవంత చూడక్కా" అని.
నేనేమన్నా డాక్టర్నా అంటే వినరు.
ప్రభావతిది పాలగడ్డ లాగుంది.
హుస్సేన్‌బీకేమీ తగల్లా, వణుకు తప్ప.
నా చేతిని నమ్మబాకండమ్మే,
పోయి చూపించుకోండి అని పంపించా.

ఆఖర్న తిరుపాలమ్మ.
పదహారేళ్ళప్పుడు నా వేళ్ళు పట్టుకొని
ఆకును కంటికంటే ముందు చేత్తో చూడాలని
నేర్పింది ఈమే.
ఆమె చంక కింద
నా వేళ్ళు ఆగినాయి.
నొక్కినా జరగలేదది.
ఆమె నా ముఖం వైపు చూడలేదు,
నా వేళ్ళ వైపే చూసింది.
బయట ఎవరో లారీకి
రానీ రానీ అని అరుస్తా ఉన్నారు.

హుక్కులు నేనే పెట్టి అన్నా:
"రేపు ఏడింటి బస్సుకు వచ్చెయ్యి పెద్దమ్మా.
కూలి పోతే పోనీ.
డబ్బీ ఇస్తే
నేను పట్టుకుంటా."