మూడో బల్ల

నాకదే మొదటి బాప్తిస్మం,
ఇచ్చేవాడిగా.
నార్వే ఉత్తరాన ఒక దీవి. ఏప్రిల్.
దండేల మీద తలల్లేని కాడ్ చేపలు
గాలికి ఒకదానికొకటి తగిలి
ఎండుకట్టెల్లా మోగుతున్నాయి.

ఓడ్విన్‌కి డెబ్భై నాలుగేళ్ళు.
పసితనాన నుదుట మూడుసార్లు చిలకరించారట.
"ఆ నీళ్ళకి నేను ఒప్పుకోలేదు పాస్టరూ,
అప్పుడు నేను పాలకోసం ఏడుస్తున్నాను."

చదివొచ్చిన జవాబులన్నీ అప్పజెప్పాను:
పాపాన్ని నీళ్ళు కడగవు, విశ్వాసం కడుగుతుంది,
నీళ్ళు సాక్ష్యం మాత్రమే అని.
వల అల్లుతూ విన్నాడు.
ముడి బిగించి అడిగాడు:
"మరి సాక్షి ఎవరు?"

యుద్ధకాలంలో ఆయన ఒక పేరు చెప్పాడు.
ఒక్క పేరు.
భయపడ్డాడో, సారాయికి ఆశపడ్డాడో
నాతో కూడా చెప్పలేదు.
ఆ పేరున్న కుర్రవాణ్ణి పడవెక్కించారు,
పడవే తిరిగొచ్చింది.
అతని అక్క బోర్గిల్డ్‌ది మా సంఘంలో మూడో బల్ల.
ఓడ్విన్‌ది చివరి బల్ల.
ఇరవై రెండేళ్ళుగా ఆమె వీపు ఆయనకి కంఠతా వచ్చు.

పిలవడానికి వెళ్ళాను.
బంగాళాదుంపల తొక్క తీస్తోంది,
కత్తి ఆపలేదు.
"దేవుడు క్షమిస్తే క్షమించనీ.
ఆయనకేం పోయింది?
తమ్ముడు నావాడు."
నా సంచిలో దీనికి జవాబు లేదు.

ఆదివారం.
నడుందాకా సముద్రం, ఎముకల్ని కొరికే చలి.
తండ్రి, కుమార, అన్నాక నాకు నోరు పెగల్లేదు.
మిగిలింది ఓడ్విన్ అందించాడు.
ముంచాను.
నీళ్ళ కింద కళ్ళు తెరిచే ఉన్నాయి.
లేవాలని ఆయన ప్రయత్నించలేదు.
నేనే లాగాను,
తడిసిన తెరచాపంత బరువు.

ఒడ్డున బోర్గిల్డ్.
చేతిలో బూడిదరంగు ఉన్ని దుప్పటి.
ఏమీ అనలేదు.
మాడిన గిన్నె తోమినట్టు
ఆయన తల తుడిచింది,
చెవులు ఎర్రబడేదాకా, ఆ తర్వాత కూడా.
ఆయన ఏడుస్తున్నాడా అంటే
చెప్పలేను, ముఖమంతా ఉప్పునీళ్ళే.
"బూట్లు తొడుక్కో," అంది చివరికి.
ఇరవై రెండేళ్ళ తర్వాత
మొదటి మాట.

ముసలివాణ్ణయ్యాను.
ఎంతమందిని ముంచానో లెక్క లేదు.
నీళ్ళు కడగవనే ఇప్పటికీ బోధిస్తాను,
బోధిస్తున్నప్పుడల్లా
మోచేతుల్లో ఆ బరువు కదులుతుంది.

మరుసటి ఆదివారం
ఆమె మళ్ళీ మూడో బల్లే, అదే వీపు.
దుప్పటి మాత్రం ఓడ్విన్ ఇంటి ముందు,
చేపల దండెం మీద
వారమంతా ఆరుతూనే ఉంది,
ఉప్పు పట్టి, బిరుసెక్కి.
అడగడానికి ఆమె రాలేదు.
ఇవ్వడానికి ఆయన వెళ్ళలేదు.