నిలువ నీడ

మా స్విండన్‌లో మ్యాజిక్ రౌండెబౌట్ అని ఒకటుంది.
పెద్ద గుండ్రం చుట్టూ ఐదు చిన్న గుండ్రాలు.
కొత్తవాళ్లు అక్కడ బ్రేకు మీద కాలేసి
దేవుణ్ణి తలుచుకుంటారు.
పదకొండేళ్లుగా రాత్రి డ్యూటీకి నాది ఆ దారే.
కారు ఆగగలదు. అదీ దాని అదృష్టం.

నా పని ఆగలేనివాటితో.

గాజుపోగులో పరిగెత్తే వెలుగుకి నిలువ నీడ లేదు.
మాట వరసకి అనడం లేదు,
నీడలో నిలబడితే అది వెలుగెలా అవుతుంది?
కూర్చోమంటే కూర్చోదు. క్యూ అంటే తెలీదు.
కాసేపు ఆపాలంటే ఒకటే ఉపాయం,
బీరువా వెనక ఇరవై కిలోమీటర్ల పోగు చుట్టిన కండె ఉంది,
అందులోకి తోసి గానుగెద్దులా తిప్పి తెస్తాం.
దక్కేది రెప్పపాటులో వెయ్యో వంతు.
ఆలోగా దారి ఖాళీ అయితే సరే,
లేదంటే బ్రిస్టల్ వెళ్లాల్సినదాన్ని
సౌతాంప్టన్ మీదుగా చుట్టు తిప్పుతాం.
అదీ కుదరకపోతే
వదిలేస్తాం.
మాన్యువల్లో దానికి ఒక్క ముక్క,
కింద వివరణ కూడా లేదు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం, వాన,
డిడ్‌కాట్ అవతల ఎవరో నీటిగొట్టం కోసం తవ్వుతూ
మా కేబుల్ తెంపారు.
రాత్రి రెండుంపావు.
రెండు దార్ల బరువూ ఒక్క దారి మీద పడింది.
తెర మీద గీతలన్నీ ఎర్రబడ్డాయి,
అంత చలిలోనూ నా మెడ తడిసింది.
ఒక పోగులో ఎనభై రంగులు,
కంటికి ఆనని రంగులు, అంకెలే వాటి పేర్లు.
దేంట్లో ఏముందో నాకు తెలీదు,
తెలుసుకోకూడదు కూడా.
ఎవరి ఎక్స్‌రేనో, ఎవరి పేకాటో,
పంపిన మరుక్షణం చెరిపేసుకున్న ఎవరి వాక్యమో.

నలభై మూడుని ఆపేశాను.
మిగతావి ఊపిరి పీల్చుకున్నాయి.
నాలుగు నిమిషాలు, మరో దారి తెరిచేదాకా.
రిపోర్టులో రాశాను: ప్రభావం స్వల్పం.

తెల్లవారుజామున టీ గదిలో
మాప్ గోడకి ఆనించి గ్లెనిస్ ప్రోసర్ అంది:
"డనీడన్‌లో మా చెల్లెలు, రాత్రి ఫోన్లో
నీకో సంగతి చెప్పాలే అంది, అంతే, తెగిపోయింది.
మళ్లీ చేస్తే ఎత్తదే."
ఎన్నింటికి అని అడగలేదు నేను.
అది నలభై మూడేనని రుజువేముంది?
స్పూను తిప్పుతూనే ఉన్నాను,
చక్కెర ఎప్పుడో కరిగిపోయింది.

గురువారం తనే చెప్పింది. తప్పిపోయిన పిల్లి దొరికిందట,
సంగతల్లా అదేనట. నవ్వింది.
నేనూ నవ్వాను, కావలసినదానికంటే ఎక్కువే.

ఆ పొద్దున ఇంటికెళ్తూ గుండ్రాల దగ్గర
ఏ పక్కనుంచీ ఎవరూ రాకపోయినా ఆగాను.
వెనక వ్యానతను హారన్ కొట్టాడు.
ఇంకాస్త ఆగాను,
ఆగడం వచ్చినదాన్ని కదా అని.