బండి కింద అట్టముక్క

ఇల్లు కట్టి చూడమన్నారు గానీ
ఇంటిని బండికి కట్టి చూడమని ఎవరూ అనలేదు.
రెండు టన్నుల మూడొందల కిలోల కేరవాన్.
నాలుగు పడకలు, నీళ్ళ ట్యాంకు,
టిల్డా ఇన్సులిన్ దాచే బుల్లి ఫ్రిజ్.
ఎడారి దాటించి దీన్ని సముద్రం దాకా లాగాలి.

ఈ వారం బ్రోకెన్ హిల్‌లో
మా స్తోమతకి తగ్గ బండ్లు రెండే రెండు.

తెల్లదానికి నాలుగేళ్ళు.
సీట్లకి కొత్తవాసన ఇంకా పోలేదు.
అమ్మే కుర్రాడు బానెట్ మీద అరచెయ్యి ఆనించి
"ఒక్కరోజూ ఆగలేదు" అన్నాడు, ప్రమాణం చేసినట్టు.
సర్వీసు కాగితాలు అడిగితే
ఇల్లు మారినప్పుడు పోయాయన్నాడు.
మూడున్నర టన్నులు లాగుతుందని కోర్బిన్ మురిసిపోతే
"లాగేది బ్రోషరు" అన్నాడు మెకానిక్ జ్వోంకో,
నల్లటి గోళ్ళతో బిస్కెట్ ముంచుకుంటూ.
ఈ రకానికి ఎండలో గేర్‌బాక్స్ ఉడుకుతుందట,
ఊళ్ళో చిన్న తిరుగుళ్ళకి డీజిల్ ఫిల్టర్ పూడుకుపోతుందట.
"అన్నీ పోవు. కొన్ని పోతాయి.
నీది అందులో ఉందో లేదో
నేను చెబితే నమ్మకు."

నిరుడు జనవరిలో నా చెల్లెలి బండి
టిబూబర్రా దారిలో ఆగింది.
నలభయ్యారు డిగ్రీలు. ఫోన్‌కి ఒక్క గీత లేదు.
ఐస్‌పెట్టెలో చేపల కింద కరిగిన నీళ్ళు
పిల్లలకి మూతతో కొలిచి పోసిందట.
ఆ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ నవ్వుతుంది.
ఆ నవ్వు మధ్యలో ఒక చోట ఊపిరి ఆగుతుంది.
ఇంజిన్ గురించి నాకు తెలిసింది అంతే.

ఇసుకరంగుదానికి పదహారేళ్ళు.
గనిలో చెవులు పోగొట్టుకున్న అథోల్ పెంగెల్లీది.
తాళాలతో పాటు ఒక నోటుపుస్తకం ఇచ్చాడు:
పోసిన ప్రతి లీటరూ, మార్చిన ప్రతి బెల్టూ.
వాటర్ పంపు. రెండోసారి వాటర్ పంపు.
"యూంటా దగ్గర ఎడమ వెనక బేరింగ్.
ఐదు గంటలు ఆగాం.
పేకాటలో వినిఫ్రెడ్ పదకొండు డాలర్లు గెలిచింది."
ఆ తర్వాత ఆరు పేజీల్లో
రాసింది ఆసుపత్రికి వెళ్ళొచ్చిన కిలోమీటర్లే.
ఆ తర్వాత డీజిల్ చాలా తక్కువ.

"దానికి జబ్బులే లేవంటున్నాడు, దీనికి అన్నీ వచ్చిపోయాయి" అన్నాను.
"వచ్చినవి మళ్ళీ రావా?" అన్నాడు కోర్బిన్.
ఆ ప్రశ్నకి జవాబు లేదు.
అమ్మకం పక్కన నమ్మకం ప్రాస కోసం కూర్చుంటుంది,
ఒక్కోసారి అంతకు మించి ఏమీ లేదు.

"రాత్రికి మీ ఇంట్లోనే ఉంచుకోండి" అన్నాడు అథోల్,
ఎవరూ అడక్కుండానే, గట్టిగా, చెవిటివాళ్ళు మాట్లాడినట్టు.
వాషింగ్ మెషిన్ వచ్చిన అట్టపెట్టె విప్పి
ఇంజిన్ కింద పరిచాను.
పొద్దుపోయేదాకా వంటింటి బల్ల మీద లెక్కలు:
లాగుడు కొక్కెం మీద పడే బరువు, వడ్డీ, టైర్లు,
సముద్రానికి ఒక్క ఏడాది ఆలస్యమైతే
రూఫస్‌కి మాతో రావాలని ఉంటుందా, ఉండదా.

తెల్లారి అట్ట లాగితే
గేర్‌బాక్స్ ఉండే చోట నూనెమరక,
కందిబేడంత.
"టాస్మేనియా" అన్నాడు రూఫస్, చెప్పుల్లేకుండా వంగి చూస్తూ.
నోటుపుస్తకం చివరి పేజీ తిప్పాను.
వణికే అక్షరాలు, పోయిన మంగళవారం తేదీ:
"వెనక సీలు చెమరుస్తోంది.
కొనేవాళ్ళకి చెప్పాలి."

చెప్పడం మర్చిపోయాడు.
పుస్తకం ఇవ్వడం మర్చిపోలేదు.

"సీలుకి నాలుగొందలు" అన్నాడు జ్వోంకో ఫోన్‌లో,
"విప్పాక ఇంకేదైనా కనబడితే మాత్రం..."
మాట పూర్తిచెయ్యలేదు.
కోర్బిన్ తెల్లదాని ఫొటో ఇంకోసారి పెద్దది చేసి చూసి
ఫోన్ జేబులో వేసుకున్నాడు.
నేను అట్టముక్కని తిరగేసి
మరకలేని వైపు పైకి పెట్టి
మళ్ళీ బండి కిందికి తోశాను.