అరుపు అరబీ

నాకొచ్చిన అరబీ అంతా అరుపే.
దవా అంటే అరుపు, మాయ్ అంటే అరుపు,
లెయ్ యుమ్మా, నమాజుకు పొద్దయిందంటే
గోడలదిరే అరుపు.
తొమ్మిదేండ్లు తైబా ముసలామె ఎడమ చెవి కాడ
నోరు పెట్టి నేర్చుకున్న భాష.
ఓబులమ్మ ఏ గదిలో ఉండాదో
సల్వాలో ఆ వీధి డ్రైవర్లందరికీ తెలుసు.

పోయిన చలికాలం పెద్దకొడుకు ఆమెను హవల్లీకి తీస్కపోయినాడు.
గాజు కిటికీ గదిలో కూర్చోబెట్టి
కూత వినపడితే వేలెత్తమన్నారు.
బయట నిలబడి చూస్తాండా.
ఆమె వేలు లేయలేదు.
లేయలేదు.
ఎప్పుడో ఒకసారి లేచి,
అనుమానంగా మళ్లీ మడుచుకుంది.

ఇంటికొచ్చినాయి రెండు,
ఒక్కోటి చింతగింజంత,
వెంట్రుకంత తీగ, కొసకు రబ్బరు గొడుగు.
వాటి సాకుడు నా మీద పడింది.
మలయాళీ పిల్ల లిజి చూపించింది:
బిళ్ళ మీది నారింజరంగు కాగితం పీకి
నిమిషం సేపు గాలి తాగనీయాల,
ఆ తర్వాతే లోపల పెట్టాల.
గులిమి బ్రష్షుతో తీయాల.
రాత్రికి చెమ్మ పీల్చే గుండ్ల డబ్బాలో పండబెట్టాల.
తలకు పోసేటప్పుడు తీయడం మరిచిపోతివా,
నీ ఏడాది జీతం చాలదు.

మొదటి దినం అలవాటుగా అరిచినా.
ఆమె కండ్లు మూసి తల పట్టుకునింది.
మెల్లగా, మెల్లగా అనింది.
మెల్లగా ఎట్ల చెప్పాల్నో నాకు తెలీదు.
గొంతు దించితే మాట సగంలో విరిగిపోతాది.
గుసగుసలో ఏ అక్షరం గొంతులో పలకాల్నో,
ఏది నాలిక మీద పలకాల్నో
ఎవురూ నేర్పలేదు.

ఆమె మాత్రం చెవులేసుకుని ఇల్లంతా తిరిగింది.
ఫ్రిజ్జు ఇట్ల మూలుగుతాదా అనింది.
నీ గాజులకు ఇంత సద్దుందా అనింది.
ఏసీ కింద కూర్చుని, ఇసకగాలి లేసింది
కిటికీలు మూయమనింది.
శుక్రవారం మనవళ్లు, మునిమనవళ్లు, ఇరవై ముగ్గురు.
మచ్బూస్ పళ్లేల మీద గంటెలు.
అందరి మాటా ఒక్కసారే తోసుకొచ్చి
ఏ మాటా మాట కాకుండా పోయింది.
లిజి చెప్పిన బటను రెండుసార్లు నొక్కినా.
ఎదురుగా ఉన్న గొంతు దగ్గరికొస్తాదంట.
ఎదురుగా ఎవురూ లేరు.
అందరూ పక్కోళ్లతో మాట్లాడుకుంటాండారు.

ఇంకొకటి జరిగింది. లిజికి కూడా చెప్పలేదు.

తొమ్మిదేండ్లు ఆ ఇంట్లో నాకొక తెలుగు ఉండేది.
ఆమె కాళ్లు పిసుకుతా, గట్టిగానే,
చీటీ డబ్బులు ఎగ్గొట్టిన నాగరత్నను తిట్టేదాన్ని.
కట్టాల్సిన కంతులు కూడేదాన్ని.
ముసలిదానా, నువ్వు పోతే
నాకు టికెట్టు ఎవురు తీస్తారే అని
ఆమె మొగం మీదే అడిగేదాన్ని, నవ్వుతా.
ఆమె కూడా నవ్వేది.

ఇప్పుడు నోరు తెరిస్తే చాలు
తల తిప్పి, శినో? అంటాది.
ఏం లేదు యుమ్మా అంటా.
పది దినాలు ఏం లేదు, ఏం లేదు.
మింగిన మాటలు ఎదలో
ఉడకని సంగటి మాదిరి కూర్చున్నాయి.

నిన్న మాపిటేల, నమాజు చాప మడిచి,
తనే రెండు చెవులూ ఊడదీసింది.
నా అరచేతిలో పెట్టి
నా వేళ్లు ఒక్కొక్కటే మూసింది.
యల్లా, గూలీ, అనింది. చెప్పు.
కాళ్లు నా ఒళ్లోకి చాచి
మొగం గోడకు తిప్పుకునింది.

ఒక్క మాట రాలేదు.
నాగరత్న గుర్తొచ్చింది, తిట్టు రాలేదు.
టికెట్టు గుర్తొచ్చింది.
ఒంటి చేత్తో కాళ్లు పిసుకుతా కూర్చున్నా.

బిళ్ళలు తీయడం మరిచినట్టున్నా,
పిడికిట్లో ఆ రెండూ
సన్నంగా కూత పెడతాండాయి.
ఆమెకు వినపడదు.
నా వేలొకటి
దానంతటదే లేచింది.