మరిగే స్థానం

మొదటి రోజే నాలుక కాలింది.
కెటిల్ టక్కుమనగానే, ఎల్ ఆల్తోలో అలవాటైనట్టు,
గ్లాసు ఎత్తి పెద్ద గుక్క వేశాను.
ఎరిత్రియా అబ్బాయి ట్సెగాయ్
చన్నీళ్ళు అందిస్తూ అడిగాడు:
"మీ ఊళ్ళో టీ తాగరా?"

తాగుతాం.
నాలుగువేల మీటర్ల ఎత్తున
ఎనభై ఆరు డిగ్రీలకే నీళ్ళు తెర్లుతాయి.
ఆ పొంగు చూసి అయిపోయిందనుకుంటాం.
బంగాళదుంపలు ఒప్పుకోవు,
గంటన్నర పొయ్యి మీద కూర్చుని పంతం పడతాయి.

ఇక్కడ, డెల్ఫ్ట్‌లో, సముద్రం కన్నా కింద
అదే దుంప.
లెక్క చేస్తూ మరిచిపోయి వెళ్తే
గిన్నెలో గంజి.
ఉప్పు వేసుకుని ఆ గంజే తిన్నాను.
పదేళ్ళ వయసు నుంచి నలుగురికి వండిపెట్టినదాన్ని,
వంట వచ్చో రాదో
ఆ రాత్రి తేల్చుకోలేకపోయాను.

తొలి గుక్కకి ముందు నేలతల్లికి ఓ చుక్క పొయ్యాలి.
నాలుగో అంతస్తులో నేల ఎక్కడుంది?
ఇంటావిడ వీట్స్కె పెంచుకునే జెరేనియం కుండీలో పోశాను,
రోజూ, దొంగతనంగా.
డిసెంబరులో అది పూసింది.
ఆవిడ ఎరువు మార్చడం వల్ల అనుకుంది.

క్లాసులో రూలఫ్ అడిగాడు:
"ఈ ఊరి పంపులన్నీ ఆగిపోతే
ఈ బల్లలు ఎన్నాళ్ళకి తేలతాయి?"
కా మావ్ పిల్ల న్యుంగ్ వేళ్ళ మీద లెక్క చెప్పేసింది.
వరద వాళ్ళింటికి ఏటేటా వచ్చే చుట్టం.
నాకు తెలిసిన నీళ్ళు
మంగళవారం ట్యాంకరు వెంట వచ్చేవి.
పసుపుపచ్చ డబ్బాల వరసలో
మా డబ్బా దాకా వచ్చేసరికి అయిపోయేవి.
నీళ్ళు ఎక్కువైనా చస్తారని
ఇరవై ఆరేళ్ళొచ్చాక లెక్కల్లో చదివాను.

తలూపాను, అన్నీ అర్థమైనట్టు.
పెద్దవాళ్ళు చెబుతుంటే తలూపడమే
మా ఇంట్లో మర్యాద.
నవంబరులో కాగితం తిరిగొచ్చింది: పదికి నాలుగు.
రూలఫ్ మాటలకి పంచదార అద్దడు.
"ఇది తప్పు. ఇదీ తప్పు.
ఇది ఎలా వేశావో నీకైనా తెలుసా?"

తెలీదు.

ఆ మూడక్షరాలు పెదవి దాటడానికి
నేను అట్లాంటిక్ దాటాల్సొచ్చింది.
ముందు స్పానిష్‌లో వచ్చింది, ఆయనకి అర్థం కాలేదు.
తర్వాత ఇంగ్లీషులో.
ఐమారాలో మాత్రం పైకి అనలేదు,
అమ్మ వింటుందేమోనని.
రూలఫ్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.
"సరే. ఎక్కణ్ణుంచి తెలీదు?"

ఓ ఆదివారం చర్చి గోపురం ఎక్కాం,
మూడు వందల చిల్లర మెట్లు.
ట్సెగాయ్ సగంలో ఆగిపోయాడు, న్యుంగ్ గోడ పట్టుకుంది.
నేను ఎక్కుతూ పాట కూడా పాడాను.
ఊపిరి లెక్కన చూస్తే ఆ ఊళ్ళో నేనే షావుకారుని.
పైనుంచి చూస్తే
నేల చాప పరిచినట్టు, ఒక్క కొండా లేదు.
ఇల్లిమానీ కనపడని ఆకాశంలో
ఏ దిక్కుకి దండం పెట్టాలో తెలీక
గాలికే పెట్టాను.

రెండేళ్ళ తర్వాత
ఎల్ ఆల్తో విమానాశ్రయంలో దిగి, పెట్టె పట్టుకుని
పది అడుగులు వేశానో లేదో
గుండె చెవుల్లో కొట్టుకుంది.
కోకా టీ అమ్మే ముసలావిడ గ్లాసు చేతికిచ్చి
స్పానిష్‌లో, పరాయివాళ్ళతో మాట్లాడే నెమ్మదితో అంది:
"మెల్లగా నడమ్మా. కొత్తవాళ్ళకి ఇలాగే ఉంటుంది."
ఐమారాలో జవాబు చెబుదామంటే
ఊపిరి చాలలేదు.
నన్నడక్కుండానే నా రక్తం
సముద్రమట్టం నేర్చేసుకుంది.

ఇంట్లో అక్క హిలారియా టీ పోసింది.
పొగలు చూసి ఊదుకుంటూ కూర్చున్నాను.
"ఏమిటా ఊదడం? చల్లారిపోతోంది!"
నిజంగానే చల్లారిపోయింది.

తాగాక అడిగింది:
"ఇంతకీ అక్కడ ఏం నేర్చుకున్నావు?"
పంపులు, కట్టలు, ఇసుకలోంచి నీరు ఊరే వేగం.
చెప్పబోతే ఆయాసం.
నవ్వేసి ఊరుకున్నాను.
"పోనీలే. దుంపలు ఉడికాయేమో చెప్పు,
నీకు చూస్తేనే తెలిసిపోయేది కదా."

"తెలీదక్కా," అన్నాను, ఐమారాలో, పైకే.
ఆ మాట ఏ దేశంలో కొనుక్కొచ్చావన్నట్టు చూసింది.
నేను మూత తీసి
పుల్లతో పొడిచాను.